మా మట్టిలో దొరికిన బొక్కలకు కలకత్తాలో చోటుంది, సిరోంచలో లేదు

మహారాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా నుంచి నమస్కారాలు.

ఈ ఉత్తరం మరాఠీ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాం. తెలుగులో నలుగురి ముందూ పెడుతున్నది ఎందుకంటే, ఇందులో వచ్చే పిల్లల అమ్మానాన్నలు కూడా దీన్ని చదవాలి. నేను రాసినదాంట్లో ఎక్కువతక్కువలుంటే అంగట్లో నన్ను ఆపి అడగాలి.

నేను శాస్త్రవేత్తను కాను, టీచర్ను కూడా కాను. విత్తనాలూ ఎరువుల దుకాణం నడుపుకునేవాణ్ణి. తాలూకాలో పిల్లలకు సైన్సు చేతికందాలని కొందరం కూడి పెట్టుకున్న చిన్న సంస్థకు లెక్కలు రాస్తుంటాను. జీతాలు తీసుకునేవాళ్ళు మాలో ఎవరూ లేరు. కొందరు టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఒక ట్రాక్టరు యజమాని, నేను. మార్చి వచ్చింది, పద్దులు మూశాను. తాళ్ళు, కొలత టేపులు, గాజు సీసాలు, పోస్టుకార్డులు, బస్సు చార్జీలు, అటుకులు, బెల్లం. ఏడాది ఖర్చంతా ఒక పేజీ దాటలేదు. ఆ ఒక్క పేజీతో పిల్లలు ఏం చేశారో, అది మీ శాఖ కంట ఎందుకు పడలేదో చెప్పడానికే ఇదంతా.

ముందు బొక్కల, అంటే ఎముకల, సంగతి. 1960-61 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర తవ్వకాలు చేశారు. సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవని లెక్క తేల్చారు. అవి దాదాపు 14 మీటర్ల పొడవు పెరిగి, చెట్ల ఆకులు మేసిన డైనోసార్లు. వయసు సుమారు 18 కోట్ల ఏళ్ళు. అంత పాతకాలపు పెద్ద మెడ డైనోసార్లలో ఇంత నిండుగా దొరికినవి ప్రపంచం మొత్తమ్మీద తక్కువే. తవ్వకం నాటికి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి నడుస్తోంది గనుక, 1975లో పేరు పెట్టేటప్పుడు బరపాసారస్ టాగోరై అన్నారు. ఇప్పుడు ఆ అస్థిపంజరం ఆ సంస్థ మ్యూజియంలోనే నిలబడి ఉంది.

ప్రాణహిత నది అవతలి గట్టు కథ ఇంకోటి. తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన మరో డైనోసార్‌కు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ కోట ఊరు ఉన్నది ప్రాణహితకు ఇవతల, మా వైపు. ఆ రాతి పొరలకు శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు మరి. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అంటే ఒకే రాతి పొర ఎముకలు ఒక రాజధానికి ఒకటి, ఇంకో మహానగరానికి ఒకటి చేరాయి. మా తాలూకాలో పిల్లలు పాఠ్యపుస్తకంలో డైనోసార్ బొమ్మ చూసి, అది అమెరికాలో ఉండేదనుకుంటారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇక్కడ పెరట్లో అలాంటి చెట్టు ఉందనే ఎవరూ చెప్పలేదు.

ఎముకలు కలకత్తా పోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ రోజుల్లో ఇక్కడే ఉండి ఉంటే ఎవరో ఒకరు గోడ కింద రాయిగా పెట్టేవారు. తవ్విన వాళ్ళు చదివి, రాసి, ప్రపంచానికి చెప్పారు. వాటి నకలు, కనీసం ఒక తొడ ఎముక నకలు, అరవై ఏళ్ళలో ఇటు రాలేదే అన్నదే నా మాట.

డిసెంబరులో చలి పడ్డాక పిల్లల్ని వడదం తీసుకుపోయాం. అక్కడ అటవీశాఖ శిలాజాల పార్కు పెట్టింది. రాయిగా మారిన చెట్ల మానులు పడి ఉంటాయి. వరదలో కొట్టుకొచ్చిన మాను బురదలో, ఇసుకలో పూడిపోతుంది. గాలి తగలదు గనుక తొందరగా కుళ్ళదు. నీళ్ళలో కరిగి వచ్చే సిలికా కణం కణంలోకి దిగి గట్టిపడుతుంది. చెక్క పోయి, చెక్క ఆకారం మిగులుతుంది. ఇదంతా మా జియాలజీ కుర్రాడు చెప్తుంటే పిల్లలు మాను మీద చెయ్యి పెట్టి వలయాలు వెతుకుతున్నారు. పోచంపల్లిలో ఎముకలు కూడా పెద్ద పెద్ద మానుల పక్కనే దొరికాయని, ఆ మంద ఏదో వరదలో పోయి ఉంటుందని పరిశోధకుల ఊహ అని వాడు చెప్పగానే పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. వరద అంటే వాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగినప్పుడు ఇళ్ళు వదిలి ఎత్తు మీదికి పోయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

అప్పుడు ఏడో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "తలకాయ కూడా కలకత్తలనే ఉన్నదా?"

లేదు. బరపాసారస్ పళ్ళు కొన్ని దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. ఆ మాట చెప్పగానే వాడు నా వైపు తిరిగి, "అయితే సేటూ, తలకాయ ఇంక మన చేన్లనే ఉండొచ్చు గదా?" అన్నాడు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కానీ ఆ రోజు తర్వాత పత్తి చేలో, వాగు కోతలో వింత రాయి కనిపిస్తే తీసి జేబులో వేసుకోకుండా, ఎక్కడుందో గుర్తు పెట్టుకుని వచ్చి చెప్పడం పిల్లలకు అలవాటైంది. తీయకూడదు, చోటు చెడగొట్టకూడదు, అటవీశాఖకు చెప్పాలి అన్న నియమం వాళ్ళే గోడ మీద రాసుకున్నారు. వచ్చిన రాళ్ళ కబుర్లలో నూటికి తొంభై మామూలు రాళ్ళే. ఒకసారి మాత్రం సున్నపురాయి పలకలో చేప పొలుసులు మెరిశాయి. మెరిసే నల్లటి పొలుసులు, పక్కపక్కన పేర్చినట్టు. కోట చేపల శిలాజాల గురించి పందొమ్మిదో శతాబ్దంలోనే లండన్ భూగర్భ శాస్త్రవేత్తలు రాసుకున్నారు. మా తాలూకా బళ్ళో ఆ పాఠం చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

మిగతా ఏడాది సంగతి తొందరగా చెప్తాను. విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు గదా. తెరవగానే ప్రశ్నల డబ్బా పెట్టాం. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు 2025 మే 20న పోయారు. సంతకం కోసం వచ్చిన పిల్లలకు ఆయన సంతకం పెట్టకుండా, ఒక ప్రశ్న పోస్టుకార్డు మీద రాసి పంపండి, జవాబు రాస్తాను అనేవారట. ఆ పద్ధతే పట్టుకున్నాం. కోడి నడుస్తుంటే మెడ ఎందుకు ఆడిస్తది? మిడతకు చెవులెక్కడుంటయి? సంగమం కాడ రెండు నదుల నీళ్ళు రెండు రంగులెందుకుంటయి? మిడత చెవులు పొట్ట పక్కన ఉంటాయని జవాబొచ్చిన రోజు బళ్ళో మిడతలకు మనశ్శాంతి లేకుండా పోయింది. నదుల ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు, సీసాలిచ్చి ఒడ్డుకు పంపాం. రెండు నీళ్ళూ నింపుకొచ్చి, కదపకుండా పెట్టి, అడుగున దిగిన మట్టిని ఆరబెట్టి నా దుకాణం త్రాసులో తూచారు. వానాకాలం లెక్క ఒకలా, చలికాలం లెక్క ఇంకోలా వచ్చింది. ఎందుకని వాళ్ళే తగువులాడుకుంటున్నారు, ఇంకా తేలలేదు.

నీడ మాయమయ్యే రోజు మాకు ఏటా రెండుసార్లు వస్తుంది. మే నడిమిలో ఒకసారి, జూలై చివర్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో బడి ఉండదు, జూలైలో మబ్బు వదలదు. ఈ విషయంలో మిమ్మల్ని అడిగేదేమీ లేదు.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పది గంటలకు నీడ అంచు తాకింది, పదకొండు నుంచి పన్నెండుంబావు దాటేదాకా చంద్రుడు రాగి రంగులో ఉన్నాడు. మధ్యమధ్య మబ్బులు. బడి డాబా మీద పిల్లలు కాగితం మీద చేతి గాజు పెట్టి గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో నీడ అంచు ఎలా వంగిందో గీశారు. తర్వాత ఆ వంపును కంపాసుతో పూర్తి చక్రం చేసి చూస్తే, భూమి నీడ చంద్రుడికి రెండున్నర నుంచి మూడింతలొచ్చింది. అసలు లెక్క కూడా దాదాపు అంతే. రెండు వేల ఏళ్ళకు పైబడి కిందటే గ్రీకులు కూడా గ్రహణం చూసి ఈ లెక్క కట్టారని చెప్తే, వాళ్ళకూ గాజులుండెనా అని ఒక పిల్ల అడిగింది. గ్రహణం విడవకుండా తినకూడదని చాలామంది ఇళ్ళల్లో కట్టుబాటు. ఎవర్నీ బలవంతపెట్టలేదు, అటుకుల గిన్నె మధ్యలో పెట్టాం. మొదట చెయ్యి పెట్టింది ఒక ముసలమ్మ. "మా కాలంల ఇవన్ని ఎవలు చూపెట్టిన్రు బిడ్డా" అంటూ మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

ఇక అసలు విషయం.

మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉంది. పేరు రాయను. వాళ్ళమ్మ ఏటా మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరుతుంది. పువ్వు తెల్లారగట్ల రాలుతుంది. ఎండుటాకుల్లో కనపడదని ముందే చెట్టు కింద ఆకులు కాలబెడతారు. అందరూ చేసేదే. ఆ అమ్మాయి ప్రశ్న ఇది: మా ఊళ్ళో ముసలి ఇప్ప చెట్లే ఉన్నాయి, పిల్ల చెట్లేవి?

నాలుగు కర్రలు, ఒక తాడుతో మీటరు చదరం కట్టింది. వానలు తగ్గాక చెట్టు చెట్టు కిందా ఆ చదరం పరిచి, అందులో ఇప్ప మొలకలెన్నో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసింది. కాల్చిన చెట్లు వేరు, కాల్చనివి వేరు. కాల్చని చెట్ల కింద మొలకలు కనిపించాయి, కాల్చిన వాటి కింద వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత పేజీలో ఆ పిల్ల తెలుగులో, తన అక్షరాల్లో, ఇలా రాసుకుంది: "కాలవెట్టని చెట్లు కంచె లోపల ఉన్నయి. ఆడికి ఆవులు రావు. మొలకలు బతికింది మంట లేకనా, ఆవులు లేకనా?" అంతటితో ఆగకుండా, కంచె బయట కాల్చకుండా వదిలేసిన చెట్లేమైనా ఉన్నాయా అని మళ్ళీ వెతకడానికి పోయింది. దొరికినవి కొన్నే. అవి చాలవని కూడా రాసింది.

మంత్రిగారూ, ఎరువులమ్మేవాణ్ణి నేను. ఫలానా మందు చల్లితే పంట పెరిగిందని కంపెనీ మనుషులు ఫొటోలు తెచ్చి చూపిస్తుంటారు. పక్క మడిలో నీళ్ళు ఎన్నిసార్లు పెట్టారని అడిగితే మాట మారుస్తారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వాళ్ళలో ఒక్కరూ వేసుకోగా నేను చూడలేదు.

ఆ నోటుబుక్కు తీసుకుని ఒక ప్రదర్శనకు వెళ్ళింది. ఏ ప్రదర్శనో, పరీక్షకులెవరో రాయను, వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గడ్చిరోలి మాకు రెండొందల కిలోమీటర్లకు పైమాటే. అహేరి దాకా రోడ్డు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ముందురోజే బయల్దేరి వెళ్ళాం. బల్ల మీద ఒక నోటుబుక్కు, తాడు, నాలుగు కర్రలు. పరీక్షకుడు వచ్చి అటూ ఇటూ చూసి, "మోడల్ కుఠే ఆహే?" (మోడల్ ఎక్కడుంది?) అన్నాడు. మోడల్ లేదంది. మరాఠీలో నాలుగు మాటలు చెప్పింది. ఆ పిల్లకు మరాఠీ రాదని కాదు, బడి అంతా మరాఠీలోనే. కానీ ఇంట్లో తెలుగులో అర్ధగంట వాదించగలిగిన విషయం, నిలబెట్టి అడిగితే నాలుగు మాటలకు కుదించుకుపోయింది. ఆవుల సంగతి చెప్పనేలేదు. ఆయన పక్క బల్లకు వెళ్ళిపోయాడు. అక్కడ సిరంజీలతో చెయ్యెత్తే జేసీబీ ఉంది. అది చేసిన పిల్లాడు బాగా చేశాడు, వాడి మీద నాకేం లేదు. అయితే ఆ జేసీబీని నేను ఎన్నో ఏళ్ళుగా ప్రతి ప్రదర్శనలోనూ చూస్తున్నాను.

లెక్కపెట్టి రాసుకోవడం సైన్సేనా అని ఎవరికైనా అనుమానముంటే, జవాబు ఈ జిల్లాలోనే ఉంది. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గడ్చిరోలి పల్లెల్లో చేసిన నవజాత శిశువుల అధ్యయనం 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో పెద్ద ఆసుపత్రి లేదు. శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి బిడ్డల్ని తూచి, చూసి, రాసుకుని, అవసరమైతే మందిచ్చారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ తర్వాత దేశమంతా ఆశా కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి పసిబిడ్డల్ని చూసే పద్ధతికి దారి వేసింది అదే. దానికీ థర్మోకోల్ మోడల్ లేదు.

నేను కొత్త చట్టం అడగడం లేదు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ నియమాలు చూడండి. స్థానిక సమస్య తీసుకోవాలి, రోజువారీ నోటుబుక్కు పెట్టాలి, ఏ భారతీయ భాషలోనైనా చెప్పొచ్చు. మీ శాఖ చేతిలో ఉన్న ప్రదర్శనలకు ఆ మూడు నియమాలూ పెడితే చాలు. తాలూకా స్థాయి పరిశీలన సిరోంచలోనే జరగాలి, తెలుగూ, ఇక్కడి గోండుల మాట మాడియా తెలిసినవాళ్ళు ఒక్కరైనా అందులో ఉండాలి, మార్కుల్లో ముందు నోటుబుక్కు చూసి తర్వాతే బల్ల మీది వస్తువు చూడాలి. మరాఠీకి ఇందులో నష్టమేమీ లేదు. నాందేడ్ జిల్లా తెలంగాణ సరిహద్దులో, యవత్మాళ్ అంచుల్లో, చంద్రాపూర్‌లో కూడా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, వాళ్ళ బళ్ళకూ ఇది పనికొస్తుంది.

ఇన్‌స్పైర్ మానక్ పథకం మంచిది. ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో వేస్తారు. మా దగ్గర చిక్కు ఖాతా దగ్గరే. తెలుగు ఇంటిపేరు బళ్ళో మరాఠీ లిపిలో ఒకలా, ఆధార్‌లో ఇంగ్లీషులో ఇంకోలా, బ్యాంకులో మూడోలా ఉంటుంది. పేర్లు కలిపే పనికి మా వాళ్ళు తిరిగిన తిరుగుడు నా పద్దులో ఎక్కడా లేదు, ఎందుకంటే పెట్రోలు డబ్బులు ఎవరూ అడగలేదు. బడి తెరిచిన నెలలోనే తాలూకాలో ఒక రోజు శిబిరం పెట్టి, బ్యాంకు వాళ్ళనూ ఆధార్ వాళ్ళనూ ఒకే బల్ల దగ్గర కూచోబెడితే ఈ బాధ పోతుంది. బళ్ళో పిల్లలు పరికరాలు తామే చేసి చూసేందుకు కేంద్రం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబుల సంగతీ అంతే. 20 లక్షల గ్రాంటు, ఇంకో యాభై వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ మాట. చెవికి ఇంపుగానే ఉంది. కానీ దరఖాస్తుకు అడిగే 1,500 చదరపు అడుగులు మా బళ్ళల్లో చాలావాటికి రెండు తరగతి గదులు కలిపినా రావు. పైగా గడ్చిరోలి ఆకాంక్షిత జిల్లా, అంటే వెనకబడి ఉంది గనుక ముందుకు తేవాల్సిన జిల్లా, అని కేంద్రమే పేరు పెట్టింది. కొండ ప్రాంతాలకు ఇచ్చే స్థలం సడలింపు మాకూ ఇవ్వాలని మీరు ఢిల్లీకి రాయొచ్చు.

ఇంకొకడి గురించి చెప్పాలి. వడదంలో పిల్లలకు మానుల కథ చెప్పిన జియాలజీ కుర్రాడు మా సంస్థ తొలి పిల్లల్లో ఒకడు. నాగపూర్‌లో ఎమ్మెస్సీ చేశాడు, కోట రాతి పొరల మీదే పరిశోధన చేస్తానంటున్నాడు. సుత్తీ సంచీ పట్టుకుని ఒంటరిగా వాగుల్లో తిరిగే కుర్రాణ్ణి మా జిల్లాలో ఎవరైనా ఆపి అడుగుతారు. కారణం మీకు విప్పి చెప్పక్కర్లేదు. మేమిచ్చింది నా పాత మోటారు సైకిలు, పెట్రోలు డబ్బులు, పుస్తకాల ఖర్చు. మేము ఇవ్వలేనిది ఒక గుర్తింపు కార్డు. విద్యాశాఖ, అటవీశాఖ కలిసి అలాంటి పిల్లలకు సంతకంతో ఒక కాగితం ఇస్తే, వాడు ఎక్కడ ఏ రాయి చూస్తున్నాడో మీకూ లెక్క ఉంటుంది, వాడికీ భయం తగ్గుతుంది. ఇది ఖర్చు లేని పని గనుకే ఎవరికీ గుర్తు రాదేమోనని నాకొక అనుమానం.

ఖర్చున్న పని ఒకటే అడుగుతున్నాను. సిరోంచలో ఒక గది. అందులో బరపాసారస్ తొడ ఎముక నకలు, పళ్ళ నకళ్ళు, కోట చేప పలక, రాతి మాను ముక్క. గోడ మీద రాతలు తెలుగులో, మరాఠీలో, మాడియాలో. నకలు ఇవ్వమని కలకత్తా సంస్థకు మీ ప్రభుత్వం ఒక్క ఉత్తరం రాస్తే, మా ఉత్తరానికి దొరకని జవాబు దానికి దొరుకుతుంది. ఆదివారాలు తెరిచి చూపించడానికి మా డిగ్రీ పిల్లలున్నారు, వాళ్ళకు రోజు కూలి ఇవ్వండి. డబ్బెక్కడిదంటారా, జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. జిల్లా ఖనిజ నిధిలో కనీసం 60 శాతం ముఖ్య రంగాలకు పెట్టాలని 2015 నాటి మార్గదర్శకాలే చెప్పాయి, ఆ రంగాల్లో విద్య ఉంది. ఆ నిధి మీ శాఖది కాదని తెలుసు. మీరు ఒక మాటంటే కదులుతుందని కూడా తెలుసు.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం మా దగ్గర ఎప్పుడూ పల్చగానే జరుగుతుంది. అప్పటికి మిరపకాయ ఏరడానికి తెలంగాణకు పోయిన కుటుంబాలతో పిల్లలూ పోతారు. సగం బెంచీలు ఖాళీ. ఇప్ప మొలకలు లెక్కపెట్టిన అమ్మాయి కూడా ఈసారి తల్లితో పోయింది, నోటుబుక్కు వెంట తీసుకుపోయింది. మిరప చేలో పని చేస్తూ ఏం లెక్కపెట్టిందో వచ్చాక గానీ తెలియదు. పరీక్షల ముందు తిరిగొస్తామన్నారు. మీరు పరిశీలనకు ఎవరినైనా పంపేట్టయితే ఆ తర్వాత పంపండి, అప్పుడైతే పిల్లలందరూ ఉంటారు.

పద్దు పుస్తకం, పిల్లల నోటుబుక్కులు, సీసాల్లో ఆరబెట్టిన మట్టి, గాజు గీసిన గ్రహణం కాగితాలు అన్నీ నా దుకాణంలో ఉన్నాయి. ఎవరొచ్చినా చూపిస్తాం. వచ్చేవాళ్ళకు ఒక సలహా: గడ్చిరోలి మీదుగా రోడ్డు పట్టుకోవద్దు. నాగపూర్‌లో రైలెక్కి తెలంగాణలో మంచిర్యాల దగ్గర దిగి, చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటి రమ్మనండి. ఒళ్ళు హూనం కాకుండా చేరతారు.

ఇట్లు,
సిరోంచ తాలూకాలోని ఒక విజ్ఞాన సంస్థ లెక్కలు రాసేవాడు